సుంకమ్మవ్వ పోసిన వాన

శేషప్ప సార్ మా ఊరికి మొదటిసారి వచ్చినప్పుడు కుటుంబ నియంత్రణ వాళ్ల మనిషనుకుని ఆడవాళ్లు తలుపులేసుకున్నారు. ఆయన సంచిలో నుంచి ఇత్తడి గరాటు ఒకటి బయటికి తీయడంతో మగవాళ్లు కూడా నాలుగడుగులు వెనక్కి వేశారు. అది ఎనభై ఆరు జూన్ మొదటి వారం. మా బడి హెడ్మాస్టరు యేసేపు సార్ వచ్చి, ఈయన వ్యవసాయ కాలేజీలో పరిశోధన చేస్తున్నాడు, పన్నెండు ఊళ్లలో వాన కొలుస్తాడు, మన ఊరు అందులో ఒకటి అని చెప్పాక గానీ తలుపులు తెరుచుకోలేదు.

చుట్టూ చెట్టూ గోడా లేని చోటు కావాలన్నాడు. మా ఊళ్లో అలాంటిది పీర్ల చావిడి ముందరి బయలు ఒక్కటే. చావిడికి ముజావరు మా నాయన మాబు సాబ్. ఏటా మొహర్రంలో పీర్లను నిలబెట్టేది, పాతిహా ప్రార్థన చదివేది, తక్కిన పదకొండు నెలలూ చావిడి ఊడ్చేది ఆయనే. పండుగకు నిప్పులు రాజేసే గుండానికి పది గజాల దూరంలో సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద గరాటు, గరాటు కింద సీసా పెట్టారు. ఊళ్లో దానికి వాన సీసా అని పేరొచ్చింది.

రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో నీళ్లు గీతల గ్లాసులోకి వంచి ఎంతుందో కార్డు మీద రాయాలి. ఆ పనికి యేసేపు సార్ నా పేరు చెప్పాడు. నేను మనుషుల ముందు నోరు విప్పను. బడిలో హాజరు పలకడానికే నాకు చెమటలు పడతాయి. కానీ చేతిరాత బాగుంటుంది, రోజూ డైరీ రాస్తాను. ఆ రెండూ ఆయనకు తెలుసు.

"గుల్జార్ బీ, జాగ్రత్తగా విను" అన్నాడు శేషప్ప సార్. "సీసాలో ఎంతుంటే అంత రాయాలి. నీ ఆలోచన ఏదీ కలపకూడదు. నెల కాగానే కార్డు పోస్టులో వెయ్యాలి. కార్డు మీద ఊరి పేరు రాయొద్దు. నీ చేతిరాత చూసి నేనే నంబరు వేసుకుంటాను. ఇంకో మాట. ఈ అంకెలు పరిశోధనవి. ఎవరికీ చెప్పకూడదు, ఇంకో చోట రాసుకోకూడదు."

తల ఊపాను. ఎంత బుద్ధిగా ఊపానంటే, ఆ రోజు నుంచి ఏ కూర వండామో, ఎవరి మేక ఎవరి చేలో పడిందో అన్నీ నా డైరీలో ఉన్నాయి, వాన అంకె మాత్రం ఒక్కటి కూడా లేదు. ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తి నేనే మొత్తుకోవాలనిపిస్తుంది.

జూన్‌లో రెండు వానలు పడ్డాయి. అందరూ వేరుశనగ వేశారు. జూలైలో మూడు జల్లులు. ఆగస్టులో ఒక రాత్రి తూర్పున ఉరుములు ఉరిమి, మండల ఆఫీసున్న ఊళ్లో వీధులు కాలవలైనాయని తెల్లారి బస్సులో వచ్చినవాళ్లు చెప్పారు. మాకు ఆ ఊరు ఆరు మైళ్లు. నేను సీసా వంచితే గ్లాసు అడుగు తడిసింది, అంతే. సెప్టెంబరు వచ్చేసరికి చేలో ఆకులు మడతలు పడ్డాయి. నేను సీసా దగ్గరికి పోతుంటే ఎవరో ఒకరు అడిగేవాళ్లు.

"ఏం పాపా, ఈ పొద్దన్నా ఏమన్నా దిగిందా?"

"లేదు చిన్నాయనా."

"లేదని ఆకాశమే సెప్తాండాది గానీ, నువ్వెందుకులే రోజూ ఆ గాజు గ్లాసు పట్టుకొని తిరిగేది!"

చెప్పకూడదన్న అంకె సున్నా అయినప్పుడు దాచడం కష్టం.

ఆ నెల్లోనే పీర్ల పండుగ. మా దగ్గర పీర్లు తురకల ఒక్కరివే కాదు, మొక్కులు ఊరందరివీ. పదో రోజు, పదహారో తేదీ సాయంత్రం, పీర్లు చావిడి దాటి బయటికి వచ్చినప్పుడు బిందెలతో నీళ్లు తెచ్చి ఎత్తినవాళ్ల కాళ్ల మీద పోస్తారు. ఆ ఏడు బోరింగు దగ్గర గంటలకొద్దీ నిలబడితే గానీ బిందె నిండేది కాదు. అయినా తెచ్చారు. మా పక్కింటి సుంకమ్మవ్వకు డెబ్బై ఏళ్లుంటాయి. ఆమె కూడా ఒక బిందె మోసుకొచ్చి, కాళ్లకు పోసి, అడుగున ఒక చెంబెడు మిగిల్చుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. దిమ్మె దగ్గరికి పోయి, చెంగు తల మీద కప్పుకుని, ఆ చెంబెడు నీళ్లూ గరాటులో పోసి దండం పెట్టింది.

"అవ్వా! అవ్వా, అదేం పని?" అని పరిగెత్తాను.

"ఏమే, అరుస్తావు? మూడు నెల్లాయ, దాని నోరు ఎండిపోయింది. నోట్లో తడి ల్యాకుంటే అది వానను ఎట్ల పిలుస్తాది?"

"అది వానను పిలిచేది కాదవ్వా, కొలిచేది."

"రెండూ ఒకటేలే. నువ్వు సిన్నదానివి."

ఆ రాత్రి చుక్క పడలేదు. మరుసటి పొద్దున సీసాలో నీళ్లున్నాయి. పారబోస్తానని నాయనతో అన్నాను. ఆయన పీర్లను సాగనంపి వచ్చి, నిద్ర లేక ఎర్రబడిన కళ్లతో గడపలో కూర్చుని ఉన్నాడు.

"పీర్ల పేరు మీద పోసిన నీళ్లు పారబోస్తావా? నోరు కడుక్కో. ఆ సార్ ఏం సెప్పినాడు నీకు?"

"సీసాలో ఎంతుంటే అంత రాయమన్నాడు."

"మరి రాయి. ఆ నీళ్లు తీసుకపోయి తులసి కాడ పోయమని సుంకమ్మత్తకే ఇయ్యి."

గ్లాసులో ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు. కార్డు మీద అది రాసేటప్పుడు పక్కన ఒక మాట రాయాలనిపించింది. కార్డులో అంకె పట్టేంత గడే ఉంది, మాట పట్టేంత లేదు. పైగా నా ఆలోచన కలపొద్దన్నాడు. రాసేశాను. నెల కాగానే కార్డు పోస్టులో వేశాను.

అక్టోబరు మొదట్లో కరువు ఊళ్ల లిస్టు తయారవుతోందని తెలిసింది. లిస్టులో ఉంటే కరువు పనులు వస్తాయి. చెరువు పూడిక తీయడం, రోడ్డుకు కంకర కొట్టడం. లేకపోతే రాయచూరు వైపు పత్తి ఏరడానికి వలస. వలస అంటే ఇంటికి తాళం వేసి అందరూ పోవడం. వంటకూ తమ్ముణ్ణి ఎత్తుకోవడానికీ నేను పోవాలి. నేను పదో తరగతి. మార్చిలో పరీక్ష. పోతే తిరిగొచ్చేది ఫిబ్రవరి ఆఖరుకే.

మా మండలం లిస్టులో లేదన్నారు. మండల ఆఫీసు దగ్గరున్న వానమాపకంలో ఆగస్టు వాన ఉంది కదా, దాంతో లెక్క సరిపోయిందట. మా సర్పంచు రంగన్న ఆ వార్త విని నేరుగా మా ఇంటికొచ్చాడు.

"మాబన్నా, మన పాప నాలుగు నెలలు కొలిచింది కదప్పా! ఊరికి వేరే లెక్క ఉందని సూపిస్తే వేరేగా సూస్తారంట. తే పాపా, ఆ బుక్కు."

"బుక్కు లేదు మామా. కార్డులు. అన్నీ సార్‌కు పంపించినాను."

"నకలు?"

"రాసుకోవద్దన్నాడు."

రంగన్న మామ నా వైపు చూసి, "సదువుకున్న పిల్లోళ్లు సెప్పిన మాట వింటారని ఇప్పుడే సూస్తాండా" అన్నాడు.

పన్నెండో తారీకున నాయన, రంగన్న మామ, నేను కోసిగి స్టేషనులో రైలెక్కి ఆదోని పోయాం. శేషప్ప సార్ గది పత్తి జిన్నింగు మిల్లుల దగ్గర, మిద్దె మీద ఉంది. గోడ మీద పెద్ద కాగితం, దాని మీద పన్నెండు చుక్కలు. చుక్కల పక్కన నంబర్లున్నాయి. పేర్లు లేవు. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"ఇవ్వలేనండీ. మా ప్రొఫెసరు ఒప్పుకోడు. పుస్తకం పూర్తయ్యాక అచ్చు వేస్తాం, అప్పుడు ఎవరైనా చూసుకోవచ్చు."

"ఎప్పుడవుతాది సార్?" అన్నాడు రంగన్న మామ.

"ఎనభై తొమ్మిదికి."

"అప్పటికి మా ఎముకలు కొలుచుకోవచ్చు."

శేషప్ప సార్ నవ్వలేదు. "నేను మొండికెత్తడం లేదు. ఏ అంకె ఏ ఊరిదో తెలిస్తే ప్రతి ఊరివాళ్లూ వచ్చి తగ్గించి రాయమంటారు. అందుకే నంబర్లు. కరువు లిస్టు తయారుచేసే ఆఫీసువాళ్లు అడిగితే అంకెల షీటు ఇచ్చాను. పేర్లు ఇవ్వలేదు. కావాలంటే అక్కడ చూడండి."

"మా నంబరెంత? అదొక్కటి సెప్పు సార్, పుణ్యముంటాది."

"అది చెబితే ఇంకేముంది?"

నాయన అంతసేపూ టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. లేస్తూ ఒక్క మాటన్నాడు. "మా చావిడి ముందర పాతినారు, మా పాప రాసింది. నంబరు మాత్రం మీది."

ఆదోనిలోనే ఉన్న ఆ లిస్టు ఆఫీసులో గుమాస్తా భీమప్ప సైక్లోస్టైల్ కాగితాలు నాలుగు మా ముందు పడేశాడు. పైన ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు, కింద తేదీలు, అంకెలు.

"నాలుగైదు రోజుల నుంచి ఇవి నా బల్ల మీద ఉన్నాయి. ఎవురికీ ఉపయోగం లేదు. పెద్ద సార్ సెప్పిండేది ఒకటే. ఏ ఊరిదో తేలితే ఆ ఊరిని వేరేగా రాయొచ్చు. నాలుగు నెలలకు నూట తొంభై కన్నా తక్కువుంటే లిస్టులోకి పోతాది. లిస్టు ముప్పై ఒకటిన కర్నూలుకు పోతాది. ఎవురిదో మీరే తేల్చుకోండి."

పన్నెండు వరసలూ ఒకదానికొకటి అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. ఎటు చూసినా సున్నాలే. పక్కపక్క ఊళ్లు, ఇంచుమించు అవే జల్లులు. నా రాత అయితే గుర్తుపట్టేదాన్ని, ఇది టైపు మిషను రాత. జూన్‌లో మాకు మొదటి వాన ఎంతో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. రంగన్న మామ నా భుజం మీద నుంచి వంగి, "కనపడిందా? కనపడిందా?" అంటూనే ఉన్నాడు.

సెప్టెంబరు కాగితం తీశాను. పదిహేడో తారీకు ఎదురుగా అన్నీ సున్నాలు. ఏడో వరసలో మాత్రం ఇరవై ఎనిమిది.

"ఇదే" అన్నాను. "ఇదే మాది."

రంగన్న మామ నా తల నిమిరాడు. భీమప్ప పెన్సిలు తీసుకుని ఏడో వరస కూడుకుంటూ వచ్చాడు. రెండుసార్లు కూడాడు.

"రెండువందల నాలుగు" అన్నాడు. "ఎక్కువుంది కదప్పా."

భీమప్ప ఊరుకోక పక్క వరస కూడా కూడాడు. "ఇదో, ఎనిమిదోది నూట డెబ్బై ఒకటి. ఇదైతే లిస్టులోకి పొయ్యేది. ఇది ఎవురిదో పాపం, వాళ్లు రానే లేదు."

రంగన్న మామ వంగి నా చెవి దగ్గర నోరు పెట్టాడు. "పాపా. తొందరపడి సెప్పినావేమో సూడు. ఎనిమిదోది అయ్యుంటాది."

"కాదు మామా."

"ఎవురికి తెలుసు? నీకూ, ఆ సార్‌కూ తప్ప? నువ్వు రాసిందానివి. నువ్వు ఎనిమిది అంటే ఎనిమిదే."

నాయన వైపు చూశాను. ఆయన నన్ను చూడకుండా గోడ మీది కేలండరు చూస్తున్నాడు. నేను ఏమన్నా ఆయన కాదనడని అర్థమైంది. దానికే నాకు ఎక్కువ భయమేసింది. నా వేలు ఇంకా ఏడో వరస మీదే ఉంది. ఎనిమిదో ఊళ్లో కూడా నాలాగే పొద్దున ఎనిమిదిన్నరకు సీసా వంచే మనిషి ఒకరుంటారు.

"ఇరవై ఎనిమిది వాన కాదు సార్" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ చెప్పాను. "అది వాన కాదు. పీర్ల పండుగ నాడు మా అవ్వ చెంబుతో నీళ్లు పోసింది. అది తీసేస్తే నూట డెబ్బై ఆరు."

భీమప్ప పెన్సిలు కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే నన్ను పెద్ద సార్ గదిలోకి తీసుకుపోయాడు. అక్కడ మళ్లీ చెప్పాను. పెద్ద సార్ నవ్వలేదు.

"ఎవరు రాశారు ఇది?"

"నేనే సార్."

"వాన కాదని తెలిసే రాశావా?"

"సీసాలో ఉన్నది రాయమన్నారు."

"ఒకటి తప్పని నువ్వే చెబుతున్నావు. తక్కినవి ఒప్పని ఎవరు చెప్పాలి?"

తప్పును తప్పని చెప్పినదాన్ని కాబట్టే తక్కినవి నమ్మొచ్చు కదా అని రైల్లో తిరిగి వస్తుంటే తోచింది. అక్కడ తోచలేదు.

"ఆ పరిశోధకుడి నుంచి సంతకంతో ఉత్తరం తీసుకురండి. ముప్పై ఒకటి లోపల. అప్పుడు చూస్తాను."

మళ్లీ మిద్దె మెట్లెక్కాం. శేషప్ప సార్ నేను చెప్పింది పూర్తిగా విన్నాడు. విని కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత బల్ల సొరుగు లాగి ఒక కాగితాల కట్ట తీశాడు.

"ఈ ఇరవై ఎనిమిది మీద నేను ఒక అధ్యాయమే రాశాను. పన్నెండు ఊళ్లలో పదకొండు ఊళ్లు ఎండుతుంటే ఒక్క ఊళ్లో కురిసిన వాన. ఎందుకు కురిసిందో పద్దెనిమిది పేజీలు."

"అయ్యో" అన్నాడు నాయన. నిజంగానే బాధపడ్డాడు.

"సుంకమ్మ కురిపించిందని రాసుకో సార్" అన్నాడు రంగన్న మామ.

"ప్రొఫెసరుకు చూపించకుండా సంతకం పెట్టలేను. ఆయన ఊళ్లో లేడు. రాగానే అడుగుతాను."

"ముప్పై ఒకటి లోపల సార్" అన్నాను.

"రాస్తానమ్మా. తప్పకుండా."

రైల్లో రంగన్న మామ కోసిగి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. దిగాక నాయనతో అన్నాడు, నాకు వినపడేలాగే. "ఒక్క మాట, మాబన్నా. ఎనిమిది అనే ఒక్క మాట. ఊరంతా బతికేది."

నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పీర్లను మోసే ఇంట్లో పుట్టింది. అది అనలేదు రంగా. నేనైతే అనేవాణ్నేమో."

ఆ తర్వాత పంతొమ్మిది రోజులు పోస్టు కోసం చూశాను. పోస్టుమాన్ అయ్యన్న సైకిలు బెల్లు వినపడితే బడి కిటికీలో నుంచి చూసేదాన్ని. యేసేపు సార్ రెండు రోజులు తిట్టి, మూడో రోజు నుంచి నన్ను కిటికీ పక్కనే కూర్చోబెట్టాడు. ఊళ్లో నన్ను చూస్తే మాటలు ఆపేసేవాళ్లు. ఒక ఆవిడ నీళ్ల దగ్గర, "సత్యం సెప్పిన తల్లి వచ్చింది, దోవ ఇడవండి" అంది. బిందె నింపుకోకుండా ఇంటికొచ్చి డైరీలో ఆ మాట రాసి, పెన్ను నిబ్బు విరిగేదాకా దాన్ని కొట్టేశాను.

ముప్పై ఒకటి వచ్చింది. పోయింది. లిస్టులో మా ఊరు లేదు.

నవంబరు నాలుగున పొద్దున లారీ వచ్చింది. మా వీధిలో పద్నాలుగు ఇళ్లకు తాళాలు పడ్డాయి. బడి హాజరు పట్టీలో నా పేరు కొట్టేయనని, ఫిబ్రవరిలో వస్తే చూద్దామని యేసేపు సార్ అన్నాడు. చూద్దామంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. అమ్మ నా పుస్తకాల మూట తీసి ఇంటి అటక మీద పెట్టింది. తీసుకుపోయినా చదివేది ఉండదు, వానకు తడుస్తాయి అంది. అనేసి తనే నాలుక కరుచుకుంది.

సుంకమ్మవ్వ కూడా వచ్చింది లారీ ఎక్కడానికి. కొడుకూ కోడలూ వద్దన్నారట, వినలేదు. నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

"గుల్జారూ, నిజం సెప్పు. నేను పోసిన నీళ్లకే అంట కదనే, మనకు పనులు రానిది?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటాండారు. నా మొగం మీద అనరు. కోడలు మొగం మీద అంటారు."

"నువ్వు పోసింది చెంబెడు నీళ్లు అవ్వా. దాన్ని వాన అని రాసింది నేను."

ఏడుస్తుందనుకున్నాను. "అయితే ఇద్దరమూ ఒక మూలనే కూకుందాం పా" అని లారీ వైపు నడిచింది.

అప్పుడే బస్సు దిగి శేషప్ప సార్ వచ్చాడు. దుమ్ము కొట్టుకుని, చెమటలు కారుతూ, చేతిలో కవరు. ప్రొఫెసరు రెండో తారీకున వచ్చాడట. మూడున ఒప్పుకున్నాడట. ఉత్తరంలో సంతకం ఉంది, కాలేజీ ముద్ర ఉంది. సెప్టెంబరు పదిహేడు నాటి అంకె వాన కాదు, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు అని రాసి ఉంది. ఊరి పేరు కూడా ఉంది. మా ఊరి పేరు టైపు మిషను అక్షరాల్లో చూడడం నాకు అదే మొదలు.

రంగన్న మామ దాన్ని చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "వచ్చే ఏటికి పనికొస్తాదేమో" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. శేషప్ప సార్ కూడా తిట్లకు సిద్ధపడే వచ్చినట్టు నిలబడ్డాడు.

"ఆ అధ్యాయం తీసేశాను" అన్నాడు నాతో.

ఆయన దిమ్మె దగ్గరికి పోయి గరాటు చూశాడు, సీసా చూశాడు. నేను ఆ పొద్దున కూడా కొలిచి, తుడిచి పెట్టాను. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఆయన సంచిలో నుంచి కొత్త కార్డు తీసి నా వైపు చాపాడు.

"తిరిగొచ్చాక రాస్తావు కదూ? నీ అంత శ్రద్ధగా ఎవరూ రాయలేదు. అంతవరకు ఎవరికైనా అప్పచెబుతాను."

చెయ్యి చాపబోయి ఆగాను. చుట్టూ మా వీధి మొత్తం ఉంది, లారీ మీదా కిందా. అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

"రెండు ఇయ్యండి సార్" అన్నాను.

"రెండెందుకు?"

"ఒకటి మీకు. ఒకటి చావిడి గోడకు. ఊరి పేరు రాస్తాను. పక్కన మాట రాసేదానికి ఇంత చోటు కావాల" అని వేళ్లతో చూపించాను.

ఆయన ఏదో చెప్పబోయాడు. ప్రొఫెసరు పేరే అయ్యుంటుంది. చెప్పకుండా సంచిలో చెయ్యి పెట్టి వెదికాడు. కాగితాలు తిరగేసి, పుస్తకం దులిపి, మళ్లీ వెదికాడు.

"ఒకటే ఉందమ్మా. వచ్చేసారి తెస్తాను."

"వచ్చేసారి తెచ్చినాకే కొలుస్తాను సార్."

లారీ కదులుతుంటే నాయన నా చెయ్యి పట్టి పైకి లాగాడు. సుంకమ్మవ్వ మూటలు జరిపి మూలన నాకు చోటు చేసింది. శేషప్ప సార్ ఆ ఒక్క కార్డూ చేతిలో పట్టుకుని చావిడి ముందరి బయల్లో నిలబడే ఉన్నాడు.